పసుపు త్రికోణం

ఆగస్టు 4, సోమవారం

పొద్దున పదకొండూ ఇరవైకి తెర నల్లబడింది. అప్పుడు నేను లారీ తోలుతున్నాను. ఆటలో లారీ. మలుపు దగ్గర బొమ్మ బిగుసుకుపోయి, అడ్డంగా చారలు వచ్చి, మొత్తం నల్లగా అయిపోయింది. లోపల ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. ఊపిరి ఉంది, స్పృహ లేదు.

ఆఫ్ చేసి ఆన్ చేశాను. తెర వచ్చింది గానీ అక్షరాలన్నీ లావు లావుగా, కంటి డాక్టరు గోడకు తగిలించే చార్టు మాదిరి ఉన్నాయి. లారీ ఆట నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ లేదంటుంది. తెర మీద బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు కంపెనీ వాళ్ల కిటికీ ఒకటి తెరుచుకుని, ఇన్‌స్టాల్ చెయ్యమంటావా అని అడిగింది. చెయ్యమన్నాను. గీత సగం దాకా పాకి ఆగింది. ఎర్ర గుర్తు వేసి 'ఇన్‌స్టలేషన్ ఫెయిల్డ్' అంది.

ఇది అంజలి కంప్యూటర్. నా కూతురు రెండేళ్లపాటు జీతంలో మిగిల్చి, ఒక్కో ముక్కా కొని, తనే బిగించుకుంది. వారమంతా ఆత్మకూరులో మేనత్త ఇంట్లో ఉండి ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. శనివారం సాయంత్రం బస్సుకు ఉదయగిరి వచ్చి ఆదివారమంతా దీని ముందే కూర్చుంటుంది. మే నెలలో నేను స్కూటీ మీద నుంచి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాను కదా. కట్టు విప్పాక వేళ్లకు కసరత్తుగా ఉంటుందని ఆ లారీ ఆట పెట్టి, రెండు చేతులతో పట్టుకునే కంట్రోలర్ ఇచ్చింది. స్టీరింగ్ ఎడమ బొటనవేలి కింద ఉంటుంది. ఆదివారం ఒక గంట ఆడమంది. మిగతా ఆరు రోజులూ ఆడుతున్నానని దానికి తెలియదు.

నా లారీ ఎప్పుడూ ఎడమ పక్కకు లాగుతుంది. ఆటలోనే ఏదో లోపం ఉండాలి.

నేనేమీ చెయ్యలేదు. ఆడుతుంటే పోయింది.

ఆగస్టు 5, మంగళవారం

ఇరవై ఎనిమిదేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. రోగి రాగానే ఎవరూ మందు పొయ్యరు. ముందు ఎప్పుడు మొదలైంది, ఎలా మొదలైంది అని అడుగుతారు. దీన్నీ అలాగే చూడాలనుకున్నాను. పాత ఓపీ చీటీల వెనక రాసుకుంటూ కూర్చున్నాను.

ఫోన్‌లో వెతికితే డివైస్ మేనేజర్ అనే చోట చూడమన్నారు. తెరిచి చూసి ఆశ్చర్యపోయాను. ఒంట్లో అవయవాలన్నీ వరుసగా పేర్లతో రాసి ఉన్నాయి. కీబోర్డు, సౌండు, ప్రాసెసరు, ఇంకా నేను వినని పేర్లు యాభై దాకా. ఇంత శుభ్రమైన కేసు షీటు మా నర్సింగ్ హోమ్‌లో ఎవరూ రాయరు. గ్రాఫిక్స్ కార్డు పేరు పక్కన చిన్న పసుపు త్రికోణం ఉంది. దాని మీద రెండుసార్లు నొక్కితే ఒక వాక్యం వచ్చింది. ఈ పరికరం తనలో సమస్యలున్నాయని తెలియజేసినందువల్ల విండోస్ దాన్ని ఆపివేసింది. కోడ్ 43.

ఎవరు తెలియజేశారు? కార్డే. తనకు బాగాలేదని అదే చెప్పుకుంది, విండోస్ విని పక్కన కూర్చోమంది.

అన్నం తినడం మర్చిపోయాను.

ఆగస్టు 6

ఎడమ చెయ్యి: ఈ రోజు మేలు. బంతి నలభైసార్లు నొక్కాను.

ఆగస్టు 7, గురువారం

డ్రైవర్ అంటే బండి తోలేవాడు కాదని తెలిసింది. కార్డుకు ఒక భాష, విండోస్‌కు ఒక భాష. మధ్యలో నిలబడి ఇటు మాట అటు చెప్పే ప్రోగ్రామును డ్రైవర్ అంటారట. అంటే నేనే. డాక్టరు గారు లోపల్నుంచి ఇంగ్లీషులో ఒక ముక్క అంటారు, నేను బయటికొచ్చి 'రేపు పొద్దున దాకా ఏమీ తినబాకండి' అని చెబుతాను. నేను లేకపోతే డాక్టరుకూ రోగికీ మధ్య ఏమీ జరగదు. ఇద్దరూ బాగానే ఉంటారు, వైద్యం మాత్రం ఉండదు.

కొత్త డ్రైవర్ దించడానికి ఫోన్ నెట్టుతో నాలుగు గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. అంతా అయ్యాక నొక్కితే, ఈ డ్రైవర్ మీ హార్డ్‌వేరుకు సరిపోదు అంది. నేను లాప్‌టాప్‌లకు వాడేది దించానట. పెద్దవాళ్ల మందు పిల్లలకు తెచ్చినట్టు. చీటీ మీద రాసుకుని మళ్లీ మొదలుపెట్టాను. కోపం రాలేదు. ఒక తప్పు దారి తెలిసింది కదా అనిపించింది.

ఆగస్టు 9, శనివారం

అంజలి ఈ వారం రాదు. శ్రావణమాసం ముహూర్తాలు, స్టూడియోలో ఊపిరాడటం లేదని ఫోన్ చేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. అనంతసాగరంలో ఒక పెళ్లివాళ్లు స్టూడియోతో సంబంధం లేకుండా దాని చేతికే ఆల్బమ్ ఇచ్చారట. మొదటి సొంత ఆర్డరు. వచ్చే శనివారం వచ్చి, ఆదివారం తన కంప్యూటర్‌లో పూర్తిచేసి, సోమవారం అప్పజెప్పాలి. ఇది కుదిరితే స్టూడియో మానేసి ఇంట్లోనే పని పెట్టుకుంటానంది.

కంప్యూటర్ మీద గుడ్డ కప్పినావా అని అడిగింది. కప్పాను అన్నాను. కప్పే ఉంది.

వారం ఉంది.

ఆగస్టు 10, ఆదివారం

చర్చిలో అందరూ చెయ్యి ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాను. డ్యూటీలో ఎప్పుడు చేరతావన్నారు. సెప్టెంబరు ఒకటి అన్నాను. డాక్టరు గారు అప్పటిదాకా నా చోటు ఖాళీగా ఉంచారు. జూలైలో ఒకసారి చేరి, రెండో రోజుకే మళ్లీ సెలవు పెట్టాను కదా. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

ఎడమ చెయ్యి: మేలు.

ఆగస్టు 11, సోమవారం

ఈ రోజు చాలా నేర్చుకున్నాను.

సరైన డ్రైవర్ దించి పెట్టినా గీత చివరి దాకా పోయి ఫెయిల్డ్ అంటుంది. ఎందుకని వెతికితే, పాత డ్రైవర్ ముక్కలు లోపల మిగిలిపోతే కొత్తది పట్టదని ఒకాయన వీడియోలో చెప్పాడు. హిందీ. సగం అర్థం కాలేదు గానీ ఆయన చెయ్యి ఎక్కడెక్కడికి పోతుందో చూసి రాసుకున్నాను. సేఫ్ మోడ్ అని ఉంటుంది. అందులోకి పోతే కంప్యూటర్ కనీసం పనులు మాత్రమే చేస్తుంది, ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్నట్టు. అప్పుడు శుభ్రం చేసే ప్రోగ్రాము నడిపి పాతదాన్ని వేళ్లతో సహా తీసెయ్యాలి.

తీశాను. తిరిగి ఆన్ చేసి కొత్తది పెట్టబోతే, అప్పటికే ఏదో ఇన్‌స్టలేషన్ జరుగుతోంది, ఆగు అంది. నేను ఏమీ పెట్టలేదే! గంటసేపు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. నెట్టు దొరకగానే విండోస్ నా వెనక నుంచి తనకు తెలిసిన పాత డ్రైవర్‌ను తెచ్చి పెట్టేసుకుంటోంది. రోగికి మనం ఒక మందు ఇస్తుంటే చుట్టాలు కొంగు చాటున ఇంకో మందు మింగించినట్టు.

నెట్టు తీసేశాను. మళ్లీ సేఫ్ మోడ్, మళ్లీ శుభ్రం, మళ్లీ ఆన్. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు. గీత నింపాదిగా పోయింది. అరవై, డెబ్బై, ఎనభై. తొంభై దాటాక తెర ఒకసారి ఆరి వెలిగింది. లేచి నిలబడ్డాను.

ఫెయిల్డ్.

పసుపు త్రికోణం అలాగే ఉంది. అయినా మనసు కుంగిపోలేదు. మందు మంచిదే, వేసే పద్ధతి మంచిదే. అయితే జబ్బు ఇంకెక్కడో ఉంది.

ఆగస్టు 12, మంగళవారం

కంప్యూటర్ డబ్బా పక్కన స్టిక్కరు మీద ఆత్మకూరు షాపు నంబరు ఉంది. అంజలి సామాను కొన్నది అక్కడే. ఫోన్ చేశాను. రమేష్‌బాబు అని, మాట నిదానం. మధ్యలో తుంచకుండా నేను చెప్పిందంతా విన్నాడు. కోడ్ ఎంత అన్నాడు. నలభై మూడు అన్నాను. ఏమేం చేశారన్నాడు. చీటీలు చూసి వరుసగా చదివాను.

"ఇవన్నీ మీరే చేసినారా, ఎవరన్నా చేసి పెట్టినారా?" అని అడిగాడు.

"నేనే చేసినా."

"మా షాపులో పిల్లోళ్లు గూడా ఇంత వరసగా చెయ్యరు మేడం. ఒకటి చెప్పండి. డబ్బా కిందన్నా పడిందా?"

"లేదు."

"జరిపినారా? ఎత్తి పక్కన పెట్టినారా?"

"లేదు."

అయితే తెరిచి చూడాల్సిందేనన్నాడు. కార్డు బరువైనది, ఒక పక్కకు వాలి గాడిలోంచి వెంట్రుకవాసి లేచినా ఇలాగే అవుతుందట. మామూలు అక్షరాలు చూపించడానికి ఆ మాత్రం అతుకు చాలు, డ్రైవర్ ఎక్కి అసలు పని మొదలుపెట్టగానే తట్టుకోలేక ఆగిపోతుంది. తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టమన్నాడు. చేతకాకపోతే బస్సులో తెమ్మన్నాడు.

రెండుసార్లూ లేదన్నాను. ఎంత తొందరగా అన్నానో!

ఆగస్టు 13, బుధవారం

పడింది.

తెర పోయిన ఆ సోమవారం పొద్దున బల్ల కింద ఊడుద్దామని డబ్బాను పీట మీద నుంచి రెండు చేతులతో ఎత్తాను. కుడి చెయ్యి పట్టుకుంది. ఎడమ చెయ్యి కూడా పట్టుకుందనే అనుకున్నాను. జారి నేలకు తగిలే దాకా అది పట్టుకోలేదని తెలియలేదు. జానెడు ఎత్తు. మళ్లీ పీట మీద పెట్టి ఆన్ చేస్తే వెలిగింది, అరగంట ఆడింది కూడా. కాబట్టి ఏమీ జరగలేదని నిర్ణయించుకున్నాను.

కుర్చీలోంచి పడిన ముసలమ్మలు కూడా ఇలాగే, ఏమీ లేదు తల్లీ, ఊరికే నొప్పి అంటారు. వాళ్ల మీద ఎన్నిసార్లు విసుక్కున్నాను!

ఇంకొకటి కూడా రాసేస్తాను. జూలై పదిహేను.

శీనమ్మ అని, చెరువు కట్ట కింద కాలనీ ఆమె. నాలుగేళ్ల పాపకు వాంతులు, విరేచనాలని తీసుకొచ్చింది. సెలైన్ పెట్టాలి. నేను నరం కంటితో వెతకను. ఎడమ చూపుడు వేలితో వెతుకుతాను. చర్మం కింద అది మెత్తగా ఎగిరి వేలికి తగులుతుంది, తగలగానే కుడి చేతిలో సూది పోతుంది. ఇరవై ఎనిమిదేళ్లు ఆ వేలే నా అన్నం. ఆ రోజు వేలికి ఏమీ తగల్లేదు. కంటితో చూసి పొడిచాను. దొరకలేదు. మళ్లీ పొడిచాను. పక్క గదిలో ఇంకో సిస్టర్ ఉంది. పిలవలేదు. ఐదుసార్లు పొడిచాను. పాపకు ఏడ్చే ఓపిక కూడా లేదు. శీనమ్మ నా చేతిలోంచి పిల్ల చేతిని లాక్కుని, భుజాన వేసుకుని, ఆత్మకూరు పోతానని ఆటో ఎక్కింది.

పిల్లలో నీరు లేదు, నరాలు అణిగిపోయాయి అని డాక్టరు గారికి చెప్పాను. నమ్మారు. మణికట్టు నొప్పిగా ఉందని సెలవు పెట్టాను.

పాపకు ఏమైందో నాకు తెలియదు. ఆ కాలనీ వాళ్లు రోజూ మా వీధిలో చేపలు అమ్ముకుంటూ పోతారు. ఒక్కమాట అడిగితే తెలుస్తుంది. నెల రోజులుగా వాళ్ల కేక వినపడగానే లోపలికి పోతున్నాను.

రేపు డబ్బా తెరుస్తాను.

ఆగస్టు 14, గురువారం

వైర్లన్నీ తీసి, ఒంట్లో కరెంటు పోవడానికి కిటికీ ఊచ పట్టుకుని, పక్క రేకు విప్పాను. రెండే మరలు.

లోపల ఇంత అందంగా ఉంటుందనుకోలేదు. ఒక ఊరిని కొండ మీద నుంచి చూసినట్టు. వీధులు, ట్యాంకులు, కప్పులు. మధ్యలో ఇటుక అంత కార్డు అడ్డంగా, రెండు ఫ్యాన్లతో. టార్చి వేసి పక్క నుంచి చూశాను. ఒక చివర వాలి ఉంది. గాడిలో పూర్తిగా దిగి ఉండాల్సిన బంగారు పళ్లు ఆ చివర దారమంత మందాన బయటికి కనిపిస్తున్నాయి.

పది రోజులుగా వెతుకుతున్నది అది. ఎవరూ చెప్పకుండా నా కళ్లతో నేను చూశాను. ఎంత సంతోషమేసిందో రాయలేను.

తియ్యాలంటే గాడి చివర కార్డు కింద దాగి ఉన్న చిన్న గొళ్లెం నొక్కి పట్టాలి. అక్కడ చూపు పోదు, ఎడమ బొటనవేలు మాత్రమే పోతుంది. కుడి చేత్తో కార్డు పైకి లాగాలి. వేలు పెట్టి నొక్కాను. గొళ్లెం మీద ఉందో, రేకు అంచు మీద ఉందో అర్థం కాలేదు. ఇంకా నొక్కాను. టప్‌మని కార్డు ఊడివచ్చింది. రబ్బరుతో పళ్లు తుడిచాను. మెరిశాయి.

అప్పుడు లోపలి పలక మీద ఎర్రటి చుక్క కనిపించింది. కంప్యూటర్‌లో ఎర్ర నూనె లాంటిది ఏదైనా ఉంటుందేమో, పడినప్పుడు కారిందేమో అనుకున్నాను. దూదితో తుడిచాను. ఇంకో చుక్క పడింది. ఎక్కడి నుంచి కారుతోందని టార్చి పెట్టి పైనా కిందా వెతికాను. మూడో చుక్క నా మోచేతి నుంచి పడింది.

బొటనవేలి మెత్తలో అరంగుళం పొడవున లోతుగా తెగింది. రక్తం మణికట్టు దాటి మోచేతి దాకా పాకింది. నాకు నొప్పి లేదు. తడి కూడా తెలియలేదు.

కట్టు కట్టుకున్నాక, పలకను స్పిరిటుతో తుడిచి ఆరబెట్టాను. తర్వాత కళ్లు మూసుకుని గుండుసూదితో ఒక్కో వేలూ పొడుచుకున్నాను. వేరే వాళ్లకైతే కట్టు విప్పిన రోజే చేసేదాన్ని.

బొటనవేలు: లేదు. చూపుడు వేలు: లేదు. మధ్య వేలు: లేదు. ఉంగరం వేలు: సగం. చిటికెన వేలు: ఉంది.

స్పర్శ తెచ్చే నరాల్లో ఇది ఏ నరమో నాకు తెలుసు. పేరు తెలుసు, ఎక్కడ నొక్కుకుపోతుందో తెలుసు, ఆలస్యం చేస్తే ఏమవుతుందో తెలుసు. ఆరు వారాలుగా ఈ రోగిని చూస్తూ 'మేలు' అని రాస్తున్నాను.

ఆగస్టు 15

బడిలో జెండా పాటలు వినిపిస్తున్నాయి. అంజలికి ఫోన్ చేసి, రేపు సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నమే రమ్మన్నాను.

ఆగస్టు 16, శనివారం

భోజనం అయ్యే దాకా ఆగుదామనుకున్నాను. అంజలి గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను. ఆట, పడెయ్యడం, కోడ్ 43, షాపు ఆయనతో అబద్ధం, వేలు. శీనమ్మ పాప సంగతి కూడా. కార్డును దిండు గలీబులో చుట్టి పెట్టానని చూపించాను. అది అటు చూడలేదు. నా చెయ్యి అందుకుని చూపుడు వేలిని గోరుతో గట్టిగా నొక్కింది.

"తెలస్తా ఉండాదా?"

"లేదు."

"ఎప్పటినించి?"

"కట్టు విప్పినప్పటినించి."

 మెల్లగా, "దానికి పది రోజులు తిప్పలు పడినావు. చేతికి ఒక్కరోజు పడలేదే మా నువ్వు," అంది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

అన్నం తిన్నాక ఇద్దరం కూర్చున్నాం. అది కార్డు గాడిలో పెట్టి రెండు వైపులా సమంగా అదిమింది. కిర్రుమని దిగి, గొళ్లెం దానంతట అదే పడింది. తర్వాత నేను చెబుతుంటే అది చేసింది. ముందు నెట్టు తీసెయ్యి. సేఫ్ మోడ్‌లోకి పో. పాతదంతా శుభ్రం చెయ్యి. ఇప్పుడు ఆన్ చెయ్యి. లాప్‌టాప్‌ది కాదు, రెండోది నొక్కు. ఇవన్నీ యాడ నేర్చుకున్నావని నా మొహం చూసింది. ఓపీ చీటీల కట్ట చూపించాను. ఒక్కొక్కటే తిప్పి చదివింది.

గీత తొంభై దాటాక తెర ఆరింది. అంజలి నా కుడి చెయ్యి పట్టుకుంది. తెర వెలిగింది. అక్షరాలు చిన్నవై, నున్నగా, వాటి చోట్లకు వెళ్లి కూర్చున్నాయి. డివైస్ మేనేజర్ తెరవమన్నాను. త్రికోణం లేదు. ఈ పరికరం సరిగా పనిచేస్తోంది అని రాసి ఉంది.

అది పెళ్లి ఫోటోలు తెరుచుకుంది. నేను వరండాలోకి వచ్చి డాక్టరు గారికి ఫోన్ చేసి, చెయ్యి బాగాలేదని చెప్పాను. నెల్లూరులో ఎవరికి చూపించాలో చెప్పారు. మిగతాది ఫోన్‌లో చెప్పలేకపోయాను.

ఆగస్టు 19, మంగళవారం

నెల్లూరు. అంజలి ఆల్బమ్ నిన్న అప్పజెప్పింది. ఆ పెళ్లికొడుకు పిన్నమ్మ ఇంకోటి ఇస్తానందట. ఈ రోజు సెలవు పెట్టి నాతో వచ్చింది.

నరం పరీక్ష నాకు చాలా బాగా నచ్చింది. మోచేతి దగ్గర చిన్న షాకు ఇస్తారు, అది నరం వెంబడి వేలి దాకా ఎంతసేపటికి చేరుతుందో తెర మీద గీత గీస్తుంది. మణికట్టు దాకా చకచకా వస్తోంది. అక్కడ ఇరుక్కుంటోంది. గీతను మళ్లీ చూపించమని అడిగి చూశాను. ఎముక అతుక్కునేటప్పుడు లోపల కట్టిన మచ్చ నరాన్ని నొక్కేస్తోంది.

కోసి దారి వదులు చేస్తానన్నారు ఇక్కడి డాక్టరు. జూలైలో వచ్చి ఉంటే పూర్తిగా తిరిగి వస్తుందని మాట ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు చేసి చూడాలి, నెలలు పడుతుంది, ఎంత వస్తుందో చెప్పలేను అన్నారు. అంజలి కిటికీ వైపు తిరిగింది.

ఆగస్టు 21, గురువారం

నర్సింగ్ హోమ్‌కు వెళ్లాను. రోగులందరూ అయిపోయే దాకా కూర్చుని డాక్టరు చంద్రశేఖర్ గారి గదిలోకి పోయాను. ఆ పాప నరాలు అణిగిపోలేదని, నా వేలికే తెలియలేదని, పక్కన మనిషి ఉన్నా పిలవలేదని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పదకొండేళ్లుగా ఆయన దగ్గర చేస్తున్నాను. ఆ మొహాన్ని అలా నేనెప్పుడూ చూడలేదు.

"ఆ రోజే చెప్పుంటే ఇంకో సిస్టర్ని పిలిచేవాళ్లం గదమ్మా," అన్నారు.

కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, వేలికి స్పర్శ తిరిగొచ్చే దాకా సూది ముట్టుకోకూడదన్నారు. కొత్తగా ఇద్దరు అమ్మాయిలు చేరారు, ఇద్దరికీ నరం పట్టడం రాదు, పక్కన నిలబడి నేర్పమన్నారు. ఇది శిక్షో పనో నాకు తెలియలేదు. రెండూ కావచ్చు.

ఆగస్టు 22

ఆపరేషన్ అయింది. సెలైన్ పెట్టిన అమ్మాయికి ఇరవై రెండేళ్లు ఉంటాయి, ఒక్క సూదికే నరం దొరికింది. వేలు ఎక్కడ ఆనించిందో చూస్తూనే ఉన్నాను.

ఆగస్టు 31, ఆదివారం

రేపు డ్యూటీ. ఈ రోజు పోకపోతే ఇక పోనని తెలుసు. చర్చి నుంచి నేరుగా చెరువు కట్ట మీదుగా కాలనీకి నడిచాను. ఎడమ చేతికి ఇంకా మోచేతి దాకా కట్టు ఉంది.

శీనమ్మ ఇంటి ముందు వల పరుచుకుని చిరుగులు కుట్టుకుంటోంది. చూడగానే గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. గుడిసె పక్క నుంచి పాప తొంగిచూసి, నన్ను చూసి రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. బొద్దుగా ఉంది. నూనె రాసి బిగించి రెండు జడలు వేశారు. గుడిసె వాసాన్ని పట్టుకున్నాను.

పాప ఎలా ఉందని అడిగాను. అయినా అడిగాను.

"ఎదురుగానే ఉండాది గదా," అంది శీనమ్మ. ఆత్మకూరులో మూడు రోజులు ఉంచారట. అక్కడ ఒక్క దెబ్బకే సెలైన్ పెట్టారట. ఆ మాట కొంచెం గట్టిగా చెప్పింది.

నా వేలికి స్పర్శ లేదని, పాపను పొడిచినప్పుడు ఆ సంగతి నాకు తెలుసని, సిగ్గుపడి ఎవరినీ పిలవలేదని చెప్పాను.

సూది ఆగింది. "తెలిసే పొడిసినావా?"

"తెలిసే."

తిడుతుందనుకున్నాను. తిడితే నిలబడి పడదామనే వచ్చాను. ఆమె మళ్లీ వల అందుకుని ఒక చిరుగు పూర్తిగా కుట్టి, దారం పంటితో తెంపింది.

"చేతగానప్పుడు చేతగాదని చెప్పాల. మేమేమన్నా అంటామా? ఇంకొకరి కాడికి పోతాం," అంది. అని, పక్కనున్న పీటను కాలితో నా వైపు నెట్టింది.

కూర్చున్నాను. వల కుట్టడం చూస్తూ, ఆ ముడి ఎలా వేస్తావని అడిగాను. చెప్పలేదు గానీ తర్వాతి ముడి నాకు కనపడేటట్టు నిదానంగా వేసింది. పాప ఒక్కో అడుగే వేస్తూ నా కట్టు దాకా వచ్చింది. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి.

"నీకు గూడా సూదేసినారా?" అంది.

"ఏసినారు. కోసి కుట్టినారు గూడా."

"నొప్పిగా ఉండాదా?"

"ఇంకా తెలవడం లేదు పాపా. నొప్పి తెలిస్తే బాగుండని చూస్తా ఉండా."

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. తల్లి వైపు తిరిగి, "అమా, ఈమెకి నొప్పి కావాలంట," అంది.

శీనమ్మ వల మీద నుంచి తల ఎత్తలేదు. "వస్తాదిలే," అంది.